వదిన ఈదాల్సిన సముద్రం

సన్మానం చేసే ప్రతిచోటా నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మీరు ఈత ఎక్కడ నేర్చుకున్నారు?" అడగక ఏం చేస్తారు పాపం. నగరిలో మరమగ్గాల సందులో పుట్టినదాన్ని. మా ఊరి ఏట్లో నేను నీళ్ళు చూసిన రోజులకంటే ఇసుక చూసిన రోజులే ఎక్కువ. అలాంటిదాన్ని సముద్రంలో దాదాపు నాలుగు కిలోమీటర్లు ఈది, ఒడ్డెక్కి నూట ఎనభై కిలోమీటర్లు సైకిల్ తొక్కి, అది దిగి నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తి, ఆడవాళ్ళలో అందరికంటే ముందు వచ్చానంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. మా వైపు నుంచి అంతకుముందు ఏ ఆడదీ ఆ పోటీకి పోయినట్టు నేను వినలేదు.

మొదటిసారి చిత్తూరులో శాలువా కప్పి ఈ ప్రశ్న అడిగితే, "బావిలో నా అంతట నేనే నేర్చుకున్నాను" అనేశాను. వినడానికి బాగుంటుందని అన్నాను, అంతే. హాలంతా చప్పట్లు. మర్నాడు పేపర్లో కూడా అదే పడింది. అచ్చులో పడ్డాక దిద్దుకునే ధైర్యం ఎవరికుంటుంది? ఆ తర్వాత నాలుగైదు చోట్ల అదే పాట పాడాను. చెప్పగా చెప్పగా నాకే నిజమేమో అనిపించసాగింది.

అది పచ్చి అబద్ధం. నాకు ఈత నేర్పింది మా వదిన. ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మా వదినది వడమాలపేట దగ్గర పల్లె. మామిడి తోటలు, వేరుశనగ చేలు ఉన్న ఇల్లు. తోటలో మెట్లు కట్టిన పెద్ద రాతి బావి. నడక వచ్చిన కొద్దికాలానికే ఆమెకు ఈత వచ్చిందని వాళ్ళమ్మ చెప్పేది. అలా నీళ్ళల్లో పెరిగిన మనిషిని మేం తెచ్చి మగ్గాల షెడ్డులో నిలబెట్టాం. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నాలుగు మరమగ్గాలు. కరెంటు ఉన్నంతసేపూ టకటకా టకటకా ఒకటే మోత. పక్కన నిలబడి మాట్లాడినా అరిస్తే తప్ప వినపడదు. కాపురానికొచ్చిన కొత్తలో వదిన చెవుల్లో వేళ్ళు పెట్టుకునేది, నేను నవ్వేదాన్ని. నెల తిరక్కుండానే ఆమె మా అందరికంటే గట్టిగా అరవడం నేర్చుకుంది.

రెండు మగ్గాలు నావి, రెండు ఆమెవి. నూలు తేవడం, నేసిన గుడ్డ తీసుకుపోయి షావుకారికి ఇచ్చి రావడం, చెడిన మగ్గాన్ని బాగుచేయడం మా అన్న పని. నాకు పుత్తూరులో ఒక బడిలో డ్రిల్ టీచరు ఉద్యోగం కూడా ఉండేది కాబట్టి, బడికి ముందు కొంతసేపు, బడి తర్వాత కొంతసేపు మగ్గాల దగ్గర నిలబడేదాన్ని. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు మనవాళ్ళు. నేను ఆ అర్ధంతో సరిపెట్టుకోలేదు. నోరు కూడా అలాంటిదే. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా నాయన నాకు చెప్పి చెప్పి విసిగిపోయాడు.

పరుగు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. కాలేజీ రోజుల్లో తిరుమల మెట్లు ఆగకుండా పరుగున ఎక్కేదాన్ని. సైకిల్ మీద రోజూ బడికి పోయి వచ్చేదాన్ని. ఈ రెంటికీ ఈత కలిపి ఒక పోటీ ఉందని ఫోన్లో చూసి వదినకు చూపించాను. ఆమె చివరిదాకా చూసి, "పరుగు సరే, సైకిలూ సరే. నీళ్ళల్లో దిగితే రాయి మునిగినట్టు మునుగుతావే పాపా" అంది. ఆ వచ్చే అమావాస్యకు నన్ను వాళ్ళ ఊరికి తీసుకుపోయింది. మా ఇళ్ళల్లో అమావాస్యనాడు మగ్గం ఆడించరు. నెలకు ఆ ఒక్కరోజే మాకు సెలవు.

నా వీపుకు ఎండు బెండు ముక్కలు తాడుతో కట్టి, మెట్ల మీదినుంచి ఒక్క తోపు తోసింది. నేను అరిచిన అరుపుకు తోటలో పని చేసేవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వదిన మా అన్న పాత ప్యాంటు, పొడుగు చొక్కా వేసుకొని నా పక్కనే నీళ్ళల్లో ఉంది.

"కొట్లాడొద్దు పాపా. నీళ్ళు నిన్నేం సేసినాయని అట్ల కొడతా ఉండావు? మంచం మీద పండుకున్నట్టు పండుకో. అవే మోస్తాయి."

పోయినప్పుడల్లా ఒక బెండు ముక్క తీసేసేది. చివరి ముక్క తీసేసినరోజు నాకు చెప్పనే లేదు. బావి అటునుంచి ఇటు ఈదివచ్చాక, తన చేతిలో ఉన్న ముక్క చూపించి నవ్వింది. ఆమె ఈదుతుంటే చూడాలి. చప్పుడు ఉండదు, తుంపర ఉండదు. నేను ఇప్పటిదాకా పెద్ద పెద్ద కోచ్‌ల దగ్గర ఈత చూశాను, ఖరీదైన కొలనుల్లో చూశాను. అంత సుఖంగా ఈదే మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆ పోటీకి తయారు కావడమంటే మాటలు కాదు. వారంలో ఏ రోజూ ఖాళీ ఉండదు. మరి నా రెండు మగ్గాలు ఎవరు చూడాలి? వదినే. నాలుగు మగ్గాల మధ్య తిరిగే మనిషికి కూర్చోవడమనేది ఉండదు. ఇక్కడ పోగు తెగితే ఆపి ముడెయ్యాలి, అంతలో అక్కడ నూలు అయిపోతుంది. నేను తిరుపతి రోడ్డు మీద గాలి తింటూ సైకిల్ తొక్కే గంటలన్నీ ఆమె ఆ షెడ్డులో నిలబడిన గంటలే. అది అప్పుడు నాకు తట్టలేదు. తట్టలేదంటే అదీ అబద్ధమే, తట్టినా పక్కకు నెట్టాను.

మొదటిసారి పోటీకి పోయి, చివరి వరుసలో అయినా పూర్తిచేసి వచ్చాను. ఊళ్ళో పెద్ద పేరొచ్చింది. ఆ తర్వాత ఒక అమావాస్యనాడు బావి మెట్ల మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటూ వదిన నన్ను ఒక కోరిక కోరింది. మా ఇంటికొచ్చాక ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక నాకు తెలిసి అదొక్కటే.

"ఇద్దరు కలిసి కూడా సెయ్యొచ్చని ఒగసారి అన్నావు గదా పాపా. నువ్వు తొక్కు, నువ్వే పరిగెత్తు. ఈత నాకు ఇడిసిపెట్టు."

"నీకెందుకొచ్చిన తిప్పలు వదినా?"

"సముద్రంలో నేను మోకాళ్ళ దాకా దిగిందే. అలలు దాటినాక నీళ్ళు ఎట్ల ఉంటాయో సూడాల. ఒక్కసారి సూస్తే సాలు."

జంటగా పాల్గొనే విభాగం ఉందని నేనెప్పుడో మాటవరసకు చెప్పాను. ఆమె దాన్ని నెలల తరబడి మనసులో పెట్టుకుంది. కాదనలేకపోయాను. ఇద్దరి పేర్లూ ఇచ్చాను. కానీ లోపల నాకు ఇష్టం లేదు. జంటగా గెలిస్తే అది సగం గెలుపే అనిపించేది. ఒంటరిగా పోతే ఈసారి ముందు వరుసలో వస్తానని నాకు తెలుసు. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు, మొహంలో మాత్రం కనపడే ఉంటుంది.

వదిన మాత్రం కొత్త మనిషైంది. అమావాస్యలకు తోడు, కరెంటు పోయిన పూటల్లో కూడా బస్సెక్కి పుట్టింటికి పోయి ఈదివచ్చేది. వానాకాలం. బావి నీళ్ళు ఎర్రగా, బురదగా ఉండేవి. జలుబు చేసినా దిగేది. ఒక శనివారం సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి మగ్గాల మధ్య కుడిచెవి అదిమి పట్టుకొని నిలబడి ఉంది.

"పాపా, మూడు దినాలుగా చెవి పోటు. రేపు తిరుపతికి పోయి సూపించుకొని వస్తా. నువ్వు రేపొక్క దినం ఈడ ఉంటావా?"

రేపు ఆదివారం. నేను నాయుడుపేట దాకా సైకిల్ మీద పోయి తిరిగి రావాల్సిన రోజు. పోటీకి ముందు అంత దూరం తొక్కడానికి నాకు మిగిలినవి లెక్కపెట్టినన్ని ఆదివారాలే. గుడ్డ సోమవారం పొద్దునకల్లా ఇవ్వాలి, మగ్గాలు ఆపే వీల్లేదు. అన్న ఒక్కడివల్లా కాదు. ఎవరో ఒకరు ఉండాలి. నేనుండొచ్చు. ఒక్క మాట అంటే సరిపోయేది.

"చెవిపోటుకు ఆస్పత్రి ఏంది వదినా? మా నాయన మాకందరికీ ఏం సేసేవాడో అదే సేస్తా, కూసో" అన్నాను.

నువ్వుల నూనెలో రెండు తెల్లగడ్డ రెబ్బలు వేసి కాచాను. గోరువెచ్చగా అయ్యాక ఆమెను పక్కకు పడుకోబెట్టి, దూదితో పిండి చెవి నిండా పోశాను. మా ఇళ్ళల్లో చెవిపోటంటే ఇదే మందు. పుట్టిన బిడ్డకు కూడా పోస్తారు. పోసేటప్పుడు ఆమె కాళ్ళు ముడుచుకుంది, నా మణికట్టు పట్టుకుంది. "సురుక్కుమంటాదిలే, తగ్గిపోతాది" అన్నాను. అప్పటికే లోపల పొర చిల్లిపడి ఉందని నాకేం తెలుసు అని ఇప్పుడు అనొచ్చు. తెలుసుకోవాలని కూడా నేననుకోలేదు. నాకు కావలసింది ఆమె చెవి తగ్గడం కాదు, నా ఆదివారం.

ఆ ఆదివారం నేను జీవితంలో ఎన్నడూ తొక్కనంత బాగా తొక్కాను. శ్రీకాళహస్తి దాటాక వెనకనుంచి గాలి. రోడ్డు ఖాళీ. నాయుడుపేటలో టీ తాగి, రెండు ఇడ్లీ తిని, పాడుకుంటూ వెనక్కి వచ్చాను. ఇంటికొచ్చేసరికి వదిన చెవిలో దూది పెట్టుకొని నాలుగు మగ్గాలూ ఆడిస్తోంది. "ఎట్ల ఉండాది?" అని అరిచాను. "తగ్గింది" అని తలూపింది. నేను నమ్మాను. నమ్మడం నాకు సులువుగా ఉంది కాబట్టి నమ్మాను.

తగ్గలేదు. చీము పట్టింది. ఆ సంగతి ఆమె మాకెవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే మేం ఆమెను బావిలోకి దిగనివ్వమేమోనని ఆమె భయం. చెవినుంచి వాసన వస్తుందేమోనని తలనిండా మల్లెపూలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. షెడ్డులోకి కూడా పూలతోనే వచ్చేది. అది చూసి, "ఏం వదినా, మళ్ళీ పెళ్ళికూతురివైనావా?" అని నేను ఆటపట్టించాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను తిననివ్వదు, పడుకోనివ్వదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం మగ్గం దగ్గర తల తిరిగి పడిపోయింది. అదృష్టం బాగుండి ఇటువైపు పడింది, అటువైపు పడితే మగ్గంలోకే. అన్నా నేనూ ఆటో మాట్లాడుకొని తిరుపతి తీసుకుపోయాం. ఆస్పత్రిలో డాక్టరు పెద్దాయన చెవిలో లైటు వేసి చాలాసేపు చూశాడు. తలెత్తి, "ఇందులో నూనె పోసిందెవరమ్మా?" అని అడిగాడు.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. నోరు ఉన్నదాన్నని ఊరంతా పేరున్నదాన్ని. ఆ నోరు అప్పుడు పెగల్లేదు.

"నేనే పోసుకొన్నా సార్" అంది వదిన.

"చిల్లిపడిన చెవిలో నూనె పోస్తారా ఎవరైనా? సరే, పోసుకున్నావు. నెల రోజులు ఇంట్లో ఎందుకు కూర్చున్నావు?" అని ఆయన కసురుకున్నాడు. ఆమె తలొంచుకొని ఆ తిట్లన్నీ తిన్నది. అవి నా తిట్లు. ఒక్కొక్కటీ నాకు రావలసినవి.

చీము చెవి వెనక ఎముక దాకా పోయింది. అక్కడ కోసి ఆపరేషన్ చేశారు. ప్రాణానికి గండం తప్పిందన్నారు. ఆ చెవికి వినికిడి పోయింది. ఇంటికి పంపేటప్పుడు పెద్దాయన గట్టిగా ఒకటే మాట చెప్పాడు. ఆ చెవిలోకి ఇక ఎప్పటికీ నీళ్ళు పోకూడదు, ఈత మాటే తలపెట్టకూడదు, తలస్నానం కూడా దూది పెట్టుకొని జాగ్రత్తగా చేయాలి. వదిన అన్నిటికీ తలూపింది. చివర్లో, "సముద్రంలో కూడానా సార్?" అని అడిగింది. ఆయన నవ్వి, "అమ్మా, సముద్రంలో ఉండేవీ నీళ్ళే కదా" అన్నాడు. ఆమె కూడా మర్యాదకు నవ్వింది. నేను బయటికొచ్చి వరండాలో కూర్చున్నాను.

పోటీకి ఇంకా కొద్ది వారాలున్నాయి. నేను పోనన్నాను. నిజంగానే అన్నాను. వదిన ఒప్పుకోలేదు.

"నువ్వొక్కదానివే పో. ఇన్ని దినాలు పడిన పాట్లు ఏట్లో కలిపేస్తావా? నేను ఒడ్డున కూసొని సూస్తా."

అప్పుడు నాలో ఏం జరిగిందో చెప్పకపోతే ఈ రాత మొత్తం దండగ. నాలో ఒక మూల ఊపిరి పీల్చుకుంది. పోనీ, ఇక ఒంటరిగా పోవచ్చు, మొత్తం గెలుపు నాదే అనుకుంది. ఆ మూలను నేను అప్పుడు చూశాను. చూసి కూడా, జంట విభాగంలోంచి పేర్లు తీసేయించి, ఒంటరిగా నా పేరు ఇచ్చాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. నేను ఏరు ఇంకా దాటకముందే ఆ పని చేశాను.

పోటీ చెన్నై దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో. మగ్గాలు అన్నకు వదిలి, వదిన నాతో వచ్చింది. తెల్లవారుతుండగా నేను నీళ్ళల్లో దిగేముందు, చెవిలో దూది, పైన స్కార్ఫు కట్టుకొని ఇసుకలో నిలబడి ఉంది. ఆ తర్వాత నేను ఎవరినీ చూడలేదు. ఈది ఒడ్డుకొచ్చి సైకిళ్ళ వైపు పరుగెత్తుతుంటే ఆమె నన్ను పేరు పెట్టి పిలిచిందట, వినలేదు. సైకిల్ దిగేసరికి ఆడవాళ్ళలో రెండో స్థానంలో ఉన్నాను. పరుగు సగంలో ముందున్నామెను దాటేశాను. గెలిచాను. మెడలో పతకం వేశారు, ఫొటోలు తీశారు, మైకు నోటి దగ్గర పెట్టారు. వదిన జనం వెనక నిలబడి చప్పట్లు కొడుతోంది.

మర్నాడు పొద్దున బస్సెక్కాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని, వినపడే చెవి నా వైపు ఉండేలా సర్దుకుంది. నా పతకాన్ని ఒకసారి చేతిలోకి తీసుకొని బరువు చూసి, అరటిపండ్ల సంచిలో జాగ్రత్తగా పెట్టింది. సైకిల్ సంగతి అడగలేదు. పరుగు సంగతి అడగలేదు. ఎవరిని ఎక్కడ దాటానో అడగలేదు. బస్సు ఊరు దాటాక నా వైపు తిరిగి కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు పాపా."

"ఏం సెప్పాల?"

"సముద్రం. అలలు దాటినాక ఎట్ల ఉండాది? అడుగు కనపడతాదా? మన బావిలో మాదిరి కింద సల్లగా, పైన ఎచ్చగా ఉంటాదా? సేపలు తగుల్తాయా? తలెత్తి సూస్తే ఒడ్డు ఎంత సిన్నగా కనపడింది?"

గుర్తు చేసుకోబోయాను. ఎన్ని బారలకు ఒకసారి ఊపిరి తీసుకున్నానో గుర్తుంది. మలుపు దగ్గర ఎవరిదో మడమ నా పక్కటెముకకు తగలడం గుర్తుంది. చేతి గడియారంలో నిమిషాలు గుర్తున్నాయి. నీళ్ళ రంగు గుర్తులేదు. అడుగు కనపడిందో లేదో నేను చూడలేదు. ఒక్కసారి కూడా ఒడ్డు వైపు తిరిగి చూడలేదు.

"ఉప్పగా ఉండాయి" అన్నాను.

"అది నాకూ తెలుసులే" అని, ఇంకా వస్తుందేమోనని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. చిన్నపిల్లలు కథ కోసం చూసినట్టు చూస్తోంది. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. ఆ తర్వాత వేదికల మీద అంత సులువుగా అబద్ధమాడినదాన్ని, ఆరోజు ఆమెకు నాలుగు అబద్ధాలు చెప్పి ఉంటే పుణ్యమైనా దక్కేది. నాకు చేతకాలేదు.

"నేనేం సూడలేదు వదినా" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "అంత దూరం ఈదినావు గదా, ఏమీ సూడలేదా?" అని మళ్ళీ అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె మెల్లగా కిటికీ వైపు తిరిగింది. నా వైపు చూడకుండానే, "పోనీలే పాపా. నువ్వు పోయింది గెలిచేదానికి గదా" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నేను బాగా వెతికాను, రవ్వంత కూడా లేదు. తిరుత్తణి దాటేదాకా ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను, నూనె సంగతి ఎత్తుదామనుకొని ఎత్తలేకపోయాను. ఇంటికి చేరగానే ఆమె చీర మార్చుకొని మగ్గాల దగ్గరికి పోయింది.